వరసకి ఆరు: ఫ్యాషన్ క్లాసులో ఒక ఇంజినీరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

 కింద కూర్చున్న నా బ్యాచ్ వాళ్లకి నమస్కారం పెట్టను. పొద్దున్నుంచీ టిఫిన్ల దగ్గర వాళ్లు నాకు పెట్టిన తిట్లు చాలు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఏదైనా టెక్నికల్ విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడరా" అన్నారు. ఇందాక పరిచయంలో "మన ఇంజినీరుగారు" అన్నారు కాబట్టి మీరు ఏ వంతెన గురించో, ఏ కంప్యూటరు గురించో అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది పరికిణీల గురించి, లేసు గురించి, పాత న్యూస్‌పేపర్ల గురించి. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లోనూ నవ్వారు.

నేను మెకానికల్ ఇంజినీరుని. పాతికేళ్లకు పైగా రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేశాను. కుట్టుమిషన్లు బిగించడం, గుడ్డ కోసే టేబుళ్లు సరిచేయడం, లైను ఆగిపోతే అర్ధరాత్రి పరిగెత్తడం నా ఉద్యోగం. ఆ తర్వాత రాజమండ్రి వచ్చి స్థిరపడ్డాను. అక్కడ ఒక కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ డిప్లొమా ఉంది. విద్యాసంవత్సరం మధ్యలో అక్కడి లెక్చరరు ఒకావిడ మానేశారు. తెలిసినాయన ఒకరు, "డిజైన్ ఎలిమెంట్స్ అని ఒక పేపరు ఉంది. నువ్వు బట్టల ఫ్యాక్టరీలో ఉన్నావుగా, నాలుగు నెలలు చెప్పి పుణ్యం కట్టుకో" అన్నాడు. నాలుగు నెలలు కాస్తా నాలుగేళ్లయింది.

ఆ పేపరులో ఏముంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. చీరైనా, చొక్కా అయినా, గోడమీది బొమ్మ అయినా కంటికి కనిపించేదాన్ని విడదీస్తే కొన్ని మూల వస్తువులు దొరుకుతాయి. గీత, ఆకారం, ముప్పేటలా లోతున్న రూపం, ఖాళీ, రంగు, వెలుగునీడల ఛాయ, చేత్తో తాకితే తెలిసే గరుకూ నునుపూ. సంగీతంలో సరిగమల్లాంటివి. ఫ్యాషన్ చదివే పిల్లలకి మొదటి ఏడాది ఇవి నేర్పుతారు. 1986లో ఢిల్లీలో మొదలైన నిఫ్ట్‌లోనూ, 1995లో హైదరాబాదుకి వచ్చిన నిఫ్ట్‌లోనూ, చిన్న ఊళ్ల డిప్లొమాల్లోనూ మొదటి మెట్టు ఇదే.

మొదటి సెమిస్టరు నేను స్లైడ్లు వేసి చెప్పాను. చాలా బాగా చెప్పాననే అనుకున్నాను. పరీక్ష పెడితే అందరూ పాసయ్యారు. ఒకమ్మాయి "కదులుతున్న చుక్క వదిలిన జాడే గీత" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పదికి పది వేశాను. మర్నాడు అదే అమ్మాయికి చారల గుడ్డ ఇచ్చి, రెండు ముక్కలు కోసి, అతుకు దగ్గర చారలు కలిసేలా కుట్టమన్నాను. కలవలేదు. ఒక పక్క చార మెడ దగ్గర మొదలైతే రెండో పక్కది భుజం మీదికి పోయింది. తప్పెక్కడ జరిగిందో కూడా ఆ పిల్లకి కనిపించలేదు. అసలు గీతని చూడనే లేదు మరి. నేను చెప్పిన వాక్యాన్ని చూసింది, అంతే.

ఆ రాత్రి నాకు మన డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, తొమ్మిదో తరగతిలో వారం రోజులపాటు మాచేత ఒకే ఇటుక గీయించారు. రెండో రోజుకే విసుగొచ్చి, ఇటుకంటే ఎలా ఉంటుందో మాకు తెలీదా అన్నట్టు నిలువు గీత, అడ్డ గీత లాగేశాం. ఆయన నా కాగితం చూసి, "నీకు తెలిసిన ఇటుక గీశావు. ఇది గియ్యి" అని బల్ల మీది ఇటుకని చూపించారు. దానికి ఒక మూల విరిగి ఉంది. అచ్చు నుంచి తీసినప్పుడు పడిన వేలిముద్ర ఉంది. నాలుగు రోజులుగా నేను చూడలేదు. ఆయనే మమ్మల్ని డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకి పంపేవారు. నేను హయ్యరు పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు ఎవరికీ చూపించాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు గాని, ఇంజినీరింగులో మొదటి ఏడాది గట్టెక్కింది దానివల్లే.

మన మాస్టారు జర్మనీ వెళ్లలేదు గాని, జర్మనీలో ఆయనలాంటి వాళ్లుండేవారు. 1919లో వైమార్ అనే ఊళ్లో బౌహౌస్ అని ఒక డిజైన్ బడి పెట్టారు. అక్కడ కొత్తగా చేరిన పిల్లలకి జోసెఫ్ ఆల్బర్స్ అనే ఆయన పాఠం చెప్పేవాడు. ఒకసారి క్లాసుకి న్యూస్‌పేపర్లు పట్టుకొచ్చి పంచి, వీటితో ఏదైనా చేయండి, కాగితం వృథా కాకూడదు అని చెప్పి వెళ్లిపోయాడట. పిల్లలు కోటలు, పడవలు, విమానాలు చేశారు. ఆయన వచ్చి అన్నీ చూసి, ఒక కుర్రాడు చేసినదాన్ని మెచ్చుకున్నాడు. వాడు కాగితాన్ని నిలువుగా ఒక్క మడత పెట్టి నిలబెట్టాడు, ఇంకేమీ చెయ్యలేదు. ఇందాకటిదాకా నిలవలేని కాగితం ఒక్క మడతతో నిలబడింది. మిగతావన్నీ రాయితోనో చెక్కతోనో చేయాల్సిన వస్తువులు, కాగితం మాత్రమే చేయగలిగిన పని ఇదీ అన్నది ఆయన మాట. ఇది చదివాక స్లైడ్లు కట్టేశాను. వస్తువు చేతికిచ్చి, ఒక ఆంక్ష పెట్టి, బయటికి వెళ్లిపోవడం నేర్చుకున్నాను. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ బయటికి వెళ్లడమే.

మొదట గీతతో మొదలుపెట్టాం. నిలువు చారలు కడితే పొడుగ్గా కనిపిస్తారు, అడ్డ చారలు కడితే లావుగా కనిపిస్తారు అని ఫ్యాషన్ పుస్తకాలన్నీ రాస్తాయి. చీరల కొట్టులో గుమాస్తా కూడా అదే చెబుతాడు. నేను పిల్లల చేత తెల్ల అట్టమీద రెండు చతురస్రాలు వేయించాను, ఒక్కోటి పక్కా 20 సెంటీమీటర్లు. ఒకదాని నిండా నిలువు గీతలు, రెండోదాని నిండా అడ్డ గీతలు. గోడకి అంటించి, గది అవతలి మూల నుంచి చూడమన్నాను. అడ్డ గీతలున్నదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తోంది! పిల్లలు స్కేలు పెట్టి కొలిచారు, నేనేదో మోసం చేశానని. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి పట్టుకున్నాడు. 2011లో ఇంగ్లండులో మనుషుల బొమ్మలతో పరీక్షించి చూసినా అడ్డ చారలు లావుగా చూపిస్తాయన్న మాట నిలబడలేదు. మరి గుమాస్తా చెప్పింది అబద్ధమా? అదీ కాదు. చార వెడల్పు, చారల మధ్య ఖాళీ, మనిషి ఒంటి గుండ్రదనం, గుడ్డ జారే తీరు, అన్నీ కలిసి తేలుస్తాయి. పొట్టిగా ఉన్నామె పెద్దంచు చీర కడితే అంచే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. మా క్లాసులో ఆ రోజు జరిగిన పోట్లాట రెండు గంటలు సాగింది. ఆ ఏడాది చారల అతుకు తప్పినవాళ్లు ఇద్దరే.

ఆకారానికి ఒక తువ్వాలు ఇచ్చాను. మామూలు నేత తువ్వాలు. ఒంటికి తొడుక్కునేది ఏదైనా చేయండి, కోసిన ముక్కల్లో ఒక్కటి కూడా చెత్తబుట్టలో పడకూడదు. ఇది నా ఫ్యాక్టరీ జబ్బు. చొక్కా ముక్కలు కోసేటప్పుడు గుడ్డలో నూటికి పది పదిహేను వంతులు నేలపాలవుతుంది. కళ్ల ముందు బస్తాలకి బస్తాలు పోవడం ఏళ్ల తరబడి చూశాను. మన చీరకీ పంచెకీ ఆ బాధ లేదు. నేసింది నేసినట్టు కట్టుకోవడమే. చంకలో గుండ్రంగా కోసిన ముక్కని ఏం చెయ్యాలో తెలియక పిల్లలు తలలు పట్టుకున్నారు. ఒక కుర్రాడు (ఫ్యాషన్ చదివే మగపిల్లలు ఉంటారండీ, బాగా చదువుతారు కూడా) ఆ ముక్కనే తిప్పి జేబు చేశాడు.

రంగు పాఠం గురించి చెప్పడం మొదలుపెడితే భోజనాలు ఆలస్యమవుతాయి. ఒక్క ముక్క చెబుతాను. రంగుల చక్రం బట్టీ పట్టించకుండా, ఆదివారం ఇంటికెళ్లి పది ఆకుపచ్చలు పట్టుకు రమ్మన్నాను. డెల్టాలో పుట్టినవాళ్లకి ఇంతకన్నా తేలికైన పని ఉంటుందా? నారుమడి పచ్చ, అరటి మొవ్వ, ముదురు కొబ్బరాకు, తమలపాకు, కాలవలో నాచు, పచ్చి మామిడికాయ. వాటి పక్కన పెట్టేసరికి కొట్లో కొన్న చిలకపచ్చ రిబ్బను ప్లాస్టిక్కులా వెలవెలబోయింది. తర్వాత అట్టముక్కకి రెండు పక్కలా గాట్లు పెట్టి దారం చుట్టి చిన్న మగ్గం చేశాం. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. నేసిన బెత్తెడు గుడ్డని వెలుతురులో అటూ ఇటూ వంచితే, "సార్, నెమలికంఠం!" అని అరిచారు. అమ్మల చీరల్లో పుట్టినప్పటినుంచీ చూస్తున్న రంగే. అది ఏ రంగుబకెట్టులోనూ లేదనీ, రెండు దారాల మధ్య పుడుతుందనీ ఆ రోజు తెలిసింది. పారిస్‌లో గోబెలిన్ అనే నేత కార్ఖానాలో నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదు వస్తే, షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త తవ్వి చూసి, లోపం రంగులో లేదు, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోందని తేల్చాడు. దానిమీద 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. బండారులంకలో ఏ నేతగాడిని అడిగినా ఇదే మాట ఒక్క వాక్యంలో చెబుతాడు.

ఇక రూపం. ఇక్కడ నా ఇంజినీరింగు పనికొచ్చింది. కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం అదే. ప్రభంటే ఏమిటి? వెదురు, తాడు, రంగు గుడ్డలు. దాన్ని భుజాల మీద పెట్టుకుని వరిచేల గట్ల మీద నడిచి, కౌశిక దాటి తెస్తారు. అంత ఎత్తున గుడ్డ కట్టినదానికి గాలి కొడితే? మోసేవాళ్ల అడుగులు తలోరకంగా పడితే? అన్నీ లెక్క వేసుకునే కట్టాలి. లెక్క కాగితం మీద ఉండదు, కట్టేవాళ్ల చేతుల్లో ఉంటుంది. పిల్లలకి చీపురుపుల్లలు, దారం, గుడ్డపేలికలు ఇచ్చి, మూరెడు ప్రభ కట్టి ఫ్యాను ముందు నిలబెట్టమన్నాను. పడిపోయినవి ఎందుకు పడ్డాయో చూడగానే, లోపల ఆసరా లేకపోతే పఫ్ చేతులు ఎందుకు చప్పబడతాయో, కోటు కాలరు ఎందుకు నిలబడుతుందో నేను విడిగా చెప్పాల్సిన పని తప్పింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. నిజానికి ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీనికోసమే.

రెండో ఏడాది ఒక ప్రాజెక్టు ఇచ్చాను. ఒక్కొక్కరికీ 20 మీటర్ల తెల్లదారం. కత్తెర వాడకూడదు, జిగురు వాడకూడదు. ఈ దారంతో మూడు రూపాలు చేసుకురండి. కొందరు సీసాలకి చుట్టారు, కొందరు పుల్లలకి అల్లారు. నర్సాపురం దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె, క్లాసులో నోరు తెరవని పిల్ల, మూడు లేసు ముక్కలు తెచ్చింది. ఒకటి నున్నగా పరుచుకున్న బిళ్ల, ఒకటి చిన్న గిన్నె, మూడోది అంచంతా కుచ్చులు కుచ్చులుగా మందారంలా విప్పుకున్న పువ్వు. చాలా బాగున్నాయి. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను. తలొంచుకుని, "యూట్యూబులో చూశాను సార్" అంది. ఎక్కడినుంచో చూసి చేసిందని పదికి ఆరు వేశాను. సీసాకి దారం చుట్టినవాడికి ఎనిమిది వేశాను, సొంత ఆలోచన అని.

మూడు వారాల తర్వాత అంబ్రెల్లా కటింగు. గొడుగులా విప్పుకునే పరికిణీ. సూత్రం చెప్పకుండా, ముందు బొమ్మకి కుట్టమన్నాను. బొమ్మ నడుము కొలత 22 సెంటీమీటర్లు. గుడ్డని నాలుగు మడతలు వేసి నడుముకి గుండ్రంగా కన్నం కోయాలి. అందాజుగా కోశారు. అన్నీ పెద్దవైపోయి, బొమ్మ నడుము మీంచి జారి కాళ్ల దగ్గర పడ్డాయి. ఆ అమ్మాయిది ఒక్కటే పట్టినట్టు నిలిచింది. కొలిచి చూశాను. కన్నం వ్యాసార్ధం మూడున్నర సెంటీమీటర్లు. లెక్క కడితే సరిగ్గా అంతే రావాలి. మన లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, చుట్టుకొలతని రెండు పైలతో భాగించాలి. 22 బై 7 వేసుకుంటే రెండు పైలంటే 44 బై 7, అంటే ఆరూ, ఆ పైన చిల్లర. అసలు మనిషి నడుము 66 అయితే పదిన్నర.

"నీకు సూత్రం తెలుసా?" అన్నాను. తెలీదంది. "మరెలా కోశావు?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ వరసకి ఆరు పెంచుతుంది సార్. అందుకని ఆరుతో భాగించి, కొంచెం తగ్గించాను" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ శనివారం నర్సాపురం వెళ్లాను. వాళ్లమ్మగారు అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో అల్లుతున్నారు. ఎదురుగా చాపేసుకుని కూర్చున్నాను. ఆవిడ మొదట ఆరు కుట్లతో చిన్న వలయం వేశారు. రెండో వరసకి పన్నెండు, మూడో వరసకి పద్దెనిమిది, ఆ తర్వాత ఇరవైనాలుగు. బిళ్ల బల్లపరుపుగా పెరుగుతోంది. "ఆరు ఎందుకమ్మా?" అని అడిగాను. "పెంచాపోతే గిన్నైపోద్దండి. ఎక్కువ పెంచేస్తే కుచ్చులు పడిపోద్దండి. సమంగా పడుకోవాలంటే ఈ కుట్టుకి వరసకి ఆరేనండి. పొడుగు కుట్టైతే ఎక్కువ పెంచాల" అన్నారు.

ఆలోచించండి. కుట్టు ఎంత వెడల్పో అంత ఎత్తు అనుకుందాం. ఒక వరస అల్లితే వ్యాసార్ధం ఒక కుట్టు పెరుగుతుంది. అప్పుడు చుట్టుకొలత రెండు పైలు, అంటే ఆరు కుట్ల చిల్లర పెరగాలి. ఆ చిల్లరని దారం సాగి సర్దుకుంటుంది. నేను పదో తరగతిలో బట్టీ పట్టి, ఇంజినీరింగులో వాడి, ఏనాడూ కళ్లతో చూడని లెక్క ఆవిడ ఒళ్లో పెరుగుతోంది. ఆ పిల్ల తెచ్చిన గిన్నె, బిళ్ల, పువ్వు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆరు కన్నా తక్కువ, సరిగ్గా ఆరు, ఆరు కన్నా ఎక్కువ. ఒకే దారంతో, ఒకే కుట్టుతో, ఒక్క అంకె మార్చి మూడు రూపాలు. నేనిచ్చిన ప్రాజెక్టుకి అంతకన్నా మంచి జవాబు ఆ ఏడాది గాని, ఆ తర్వాత గాని రాలేదు. ఇంకో సంగతి. ఆ కుచ్చుల పువ్వు ఆకారాన్ని కాగితంతో చేసి చూపాలని గణిత శాస్త్రవేత్తలు చాలాకాలం తంటాలు పడ్డారు, కాగితం చిరిగిపోయేది. 1997లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో డైనా తైమినా అనే ఆవిడ కొక్కెం సూది పట్టుకుని అల్లేశారు. ఆ తరగతి జ్యామితిని ఇప్పుడు పిల్లలకి అలాగే చేతిలో పెట్టి చూపిస్తున్నారు. మన నర్సాపురంలో ఆ అంచుని టేబుల్‌క్లాతులకి వేసి విదేశాలకి పంపుతున్నాం.

మరి ఆ పిల్ల యూట్యూబని ఎందుకు అబద్ధం చెప్పింది? వచ్చేటప్పుడు బస్సులో ఇదే ఆలోచించాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని మన జిల్లాల్లో ఇంటింటికీ పాకింది. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, ఇంకొకావిడ అతుకుపని చేస్తుంది, సరుకు చేతులు మారి సముద్రం దాటుతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లి ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నా, వీళ్లని "ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు, తీరికవేళ అల్లుకుంటారు" అంటారనీ, ఆ మాట చాటునే కూలి తక్కువగా ఉంటోందనీ ఆవిడ చెప్పిన దాని సారం. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. 2009లోనే ఉప్పాడ జాందానీకి వచ్చింది. సరుకుకి గుర్తింపు వచ్చింది గాని, అమ్మ చేసే పని చదువులో లెక్కకొస్తుందని మాత్రం ఆ పిల్ల నమ్మలేదు. నేను వేసిన ఆరు మార్కులు ఆ అపనమ్మకానికి రబ్బరు స్టాంపు.

మార్కులు దిద్దాను, క్లాసులో అందరి ముందూ కారణం చెప్పాను. తర్వాత వాళ్లమ్మగారిని మూడు రోజులు పాఠం చెప్పడానికి పిలిచాం. మొదటిరోజు ఆవిడ కుర్చీలో కూర్చోనన్నారు. కింద చాపేశాం, పిల్లలందరూ చుట్టూ కూర్చున్నారు. మూడోరోజుకి, "నువ్వు దారం బిగలాగతన్నావు, ఇలా తే" అని మా కుర్రాళ్ల చేతులు పట్టుకుని దిద్దారు. అద్భుతంగా జరిగింది. ఆ తర్వాత వచ్చింది చిక్కు. ఆవిడకి డబ్బివ్వాలంటే కాగితాల్లో కాలం లేదు. గెస్టు లెక్చరరుకి డిగ్రీ కావాలి. చివరికి ఆవిడ మూడు రోజుల పాఠం "ఇతర ఖర్చులు" కింద, పిన్నులూ చాక్‌పీసుల సరసన రాశారు. ఆ వోచరు మీద సంతకం పెట్టింది నేనే. ఇంకెవరినీ అనను.

రాజమండ్రిలో డామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి పిల్లల్ని ఏటా తీసుకెళుతుంటాను, బొమ్మల్లో గుడ్డ మడతలు చూడటానికి. 1897లో పుట్టి 1925లో, ఇరవైఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయిన మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే, తానూ బొమ్మలు వేసే మనిషి కాబట్టి, ఆ కుర్రాడి చెయ్యి గుర్తుపట్టాడు. బొంబాయి జె.జె. స్కూలుకి పంపాడు. రామారావుగారు తిరిగొచ్చి మళ్లీ రాజమండ్రిలో పదిమందికి నేర్పారు. గ్యాలరీలో నిలబడినప్పుడల్లా ఆ ప్రిన్సిపాలు దగ్గర ఏ అప్లికేషను ఫారం ఉండేదో అనుకుంటాను.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. స్వర్ణోత్సవ నిధితో చేయబోయే పనుల జాబితా మీ అందరి దగ్గరా ఉంది. అందులో నాలుగో అంశం, పాత క్రాఫ్టు షెడ్డు తీసేసి ఆ స్థలంలో సైకిల్ స్టాండు, ముందు పాలరాతి పలకతో ఆర్చి. ఆర్చికి నేనూ చందా ఇచ్చాను. పలక మీద నా పేరు ఉంటే నాకూ ముచ్చటే. కాని ఆ షెడ్డులో మనం తకిలీతో నూలు వడికాం, గంపలల్లాం, ఆ ఇటుక గీశాం. మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులో మళ్లీ ఎవరూ రాలేదు. తలుపు తీస్తే విరిగిన బెంచీలు, పావురాలు. పొద్దున వెళ్లి చూసొచ్చాను, దూలాలు గట్టిగానే ఉన్నాయి. ఇది మాత్రం ఇంజినీరుగా చెబుతున్న మాట. పైకప్పు మారిస్తే చాలు.

నా ప్రతిపాదన చిన్నది. సైకిల్ స్టాండుని ప్రహరీ పక్కకి జరపండి. షెడ్డులో ఎనిమిది బల్లలు, ముప్పై కత్తెరలు, అట్టలు, దారం. నెలకి రెండు శనివారాలు చేతిపని తెలిసినవాళ్లు ఒకరు వచ్చి పిల్లలతో కూర్చుంటారు. లేసు అల్లేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, ప్రభలు కట్టేవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ల గౌరవ వేతనం మొదటి రెండేళ్లు మా బ్యాచ్ భరిస్తుంది. నా బ్యాచ్ వాళ్లు అలా చూడకండి, మీకు రాత్రి చెప్పాను, మీరు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారో గుర్తులేకపోతే నా తప్పు కాదు. ఒక్క షరతు. రిజిస్టరులో వాళ్ల పేరు టీచర్ల వరసలో రాయాలి. హెడ్‌మాస్టరుగారితో మాట్లాడాను. రాస్తామన్నారు.

మూడు గంటలకి సర్వసభ్య సమావేశంలో ఓటింగు. అందాకా ఊరికే కూర్చోకుండా, మీ కుర్చీల మీద పొద్దున పెట్టించిన న్యూస్‌పేపరు అర షీటు ఉంది చూడండి. చెమటకి విసురుకోవడానికి కాదది. చించకుండా, జిగురు లేకుండా, మీ చేతి గడియారాన్ని మోసేలా దాన్ని నిలబెట్టండి. భోజనాల గంట కొట్టేసరికి నిలబెట్టినవాళ్లు ఆ మూల బల్ల మీద పెట్టి వెళ్లండి, మాస్టార్లు వచ్చి చూస్తారు. మా బ్యాచ్ వాళ్లు పక్కవాళ్లది చూసి చెయ్యకండి.